నాలుగు వేళ్ల మడత

లోవర్ హట్ ఊళ్లో పొద్దున్న ఏడు దాటితే ఇల్లు ఖాళీ. కూతురు గిరిజ, అల్లుడు భార్గవ్ ఒకే రైలుకి వెల్లింగ్టన్‌లో ఉద్యోగాలకి పోతారు. పోయేముందు హీటరు ఎలా వెయ్యాలో గిరిజ మళ్లీ చెబుతుంది. పట్టాభిరామయ్య మళ్లీ తలూపుతాడు. ఇక సాయంత్రం దాకా మాట్లాడేది గాలి ఒక్కటే. ఆ ఊరి గాలికి వేరే పనిలేదు. కిటికీలు పట్టుకుని ఊపుతుంది, కంచె మీద పడుతుంది, కాసేపు పోయి మళ్లీ వస్తుంది.

ఆయన చీరాలలో బతుకంతా కుట్టుమిషను తొక్కిన మనిషి. మూడో తరగతితో బడి మానేశాడు. కత్తెర చేతికొచ్చాక మళ్లీ బడి అవసరం పడలేదు. మాట తక్కువ. భార్య సరోజ ఉన్నన్నాళ్లు ఆయన మాటలు కూడా ఆవిడే మాట్లాడేది. ఆవిడ పోయాక ఇద్దరి మాటలూ ఆగిపోయాయి. అది చూడలేకే గిరిజ తన దగ్గరకు తెచ్చుకుంది.

ఉగాది భోజనాల దగ్గర ప్రణీత కలిసింది. కరీంనగర్ పిల్ల. చదువుకోడానికి వచ్చి, ఇప్పుడు ఆ ఊళ్లోనే పిల్లల హోమ్‌లో పనిచేస్తోంది. అమ్మానాన్నా చూసుకోలేని పిల్లల్ని కొన్నాళ్లు ఉంచుకునే ఇల్లు అది.

"మా పోరల బట్టలు ఊకె చినుగుతయ్ అంకుల్. కుట్టేటోళ్లు లేరు. జీతం గీతం ఉండదు, చాయ్ మాత్రం ఇస్త. వస్తరా?"

ఆయన గిరిజ వైపు చూశాడు.

"అక్కను చూస్తరేంది? నేను మిమ్మల్నే అడుగుతున్న."

"వస్తా," అన్నాడు. ఆ నెలలో ఆయన బయటివాళ్లతో అన్న మొదటి మాట అదే అయుంటుంది.

అక్కడ పిల్లల దగ్గరకు ఎవర్నీ ఊరికే రానివ్వరు. పోలీసు విచారణ అదీ అయ్యేసరికి జూన్ వచ్చి, ఆ దేశపు చలి ముదిరింది. మంగళవారం, శుక్రవారం. బట్టలుతికే గదిలో ఒక మూల కరెంటు మిషను, ఒక కుర్చీ. తొక్కాల్సిన పనిలేకపోయినా కింద ఆయన పాదాలు రెండూ ఆడుతూనే ఉండేవి. పిల్లలు గుమ్మంలో నిలబడి ఆ పాదాల్ని చూసి నవ్వుకుని పోయేవాళ్లు.

పోకుండా నిలబడింది ఒక్క మేరె. ఏడేళ్ల మావోరీ పిల్ల. తల్లి జబ్బుపడి ఆస్పత్రిలో ఉంది. టౌరంగా అనే ఊళ్లో మేనత్త కివీపళ్లు పెట్టెలకెత్తే షెడ్డులో పని చేస్తుంది. ఆ పని అయిపోగానే ఇల్లు చూసుకుని వచ్చి తీసుకుపోతానంది. మేరె ఎవరితోనూ మాట్లాడేది కాదట. వచ్చి ఆయన పక్కన చిన్న బల్లేసుకుని, గుండీల డబ్బా ఒళ్లో బోర్లించుకుని, రంగురంగుకీ విడదీసేది. అయిపోయాక అన్నీ మళ్లీ కలిపేసేది. ఆయన కుట్టేవాడు. గంటసేపు ఇద్దరిలో ఎవరూ నోరు విప్పేవాళ్లు కాదు.

"బాగనే కుదిరిన్రు ఇద్దరూ," అనేది ప్రణీత. "ఆమె మాట్లాడదు, మీరు మాట్లాడరు. నేనే పిచ్చిదాన్లెక్క ఇద్దరి మధ్యల మొత్తుకుంట."

ఆయన మంగళవారం నించి శుక్రవారం దాకా, శుక్రవారం నించి మంగళవారం దాకా ఎదురుచూడడం మొదలెట్టాడు. ఈ సంగతి గిరిజకు చెప్పలేదు.

ఒకరోజు ఎవరో ఇచ్చిపోయిన బట్టల మూటలోంచి మేరె ఎర్రగుడ్డ ఒకటి లాగి, తెచ్చి ఆయన ముందు పెట్టింది. గౌను కావాలని తన ఒంటి మీద చూపించింది. పెద్దవాళ్లు పిల్లల్ని తాకకూడదని అక్కడి నియమం. ప్రణీతే కొలతలు తీసింది. ఆయన రెండు వారాలు చేతిపని అంతా పెట్టి కుట్టాడు. అలాంటి గౌను గిరిజకు కుట్టాక మళ్లీ కుట్టలేదు.

చీరాలలో పిల్లల గౌనంటే కింద నాలుగు వేళ్ల మడత లోపలికి పోవాలి. పక్క కుట్లలో గుడ్డ వదలాలి, నడుము దగ్గర మడిచి టక్కు పెట్టాలి. ఏటా కొంచెం విప్పుతారు. అలా వదలని దర్జీ దగ్గరకు ఏ తల్లీ రెండోసారి రాదు. "నా పిల్ల ఎదగదనుకున్నావా?" అని మొహం మీదే అడుగుతుంది. గుడ్డ వదలడమంటే పిల్ల నిండుగా ఎదగాలని కోరుకోవడం. ఇందులో తప్పుంటుందని ఆయనకు కల్లో కూడా తోచదు.

మేరె గౌను తొడుక్కుని వచ్చింది. నవ్వింది కూడా. ఆయనకి ఉత్సాహం పుట్టుకొచ్చింది. ఇంకో గుడ్డ తీసి, అలాంటి మడతే వేసి, విప్పి చూపించాడు. ఒక వేలెత్తి, మడత కొంచెం కిందికి దించాడు. వచ్చే ఏడు. రెండో వేలు, ఇంకొంచెం. మూడో వేలు, పూర్తిగా. తర్వాత తన గుండె మీద చెయ్యేసుకుని, ఆ కుర్చీ చూపించాడు. నేనే విప్పుతాను, ఇక్కడే.

మేరె ఆ మూడు వేళ్లవైపు చూసింది. కుర్చీ వైపు చూసింది. ప్రణీతను ఇంగ్లీషులో ఏదో అడిగింది. ప్రణీత జవాబు చెప్పేలోపే గౌను తల మీంచి లాగి నేలకేసి కొట్టి, లోపలి బనీనుతోనే పరుగెత్తింది. గుండీల డబ్బా పడి గదంతా చెల్లాచెదరైంది.

"ఏమంది?"

ప్రణీత వంగి గుండీలు ఏరుతూ అంది: "అత్త రాదని ఆయనకెవరు చెప్పిన్రు అని అడిగింది అంకుల్. ఇక్కడ ఏ పిల్లనైనా అడుగున్రి, వచ్చే వారం పోత అంటది. మీరేమో మూడేండ్లు చూపిచ్చిన్రు."

ఆయన కూడా నేల మీద కూచుని గుండీలు ఏరాడు.

ఆ తరవాత శుక్రవారం మేరె రాలేదు. మంగళవారం కూడా రాలేదు. ముందుగది కిటికీ దగ్గర కూచుని అత్త కోసం రోడ్డు చూస్తోందని ప్రణీత చెప్పింది. ఇక ఎప్పటికీ మిషను దగ్గరకు రాదేమోనన్న భయం ఒక్కటే ఆయన్ని పట్టుకుంది. ఇంట్లో అన్నం కెలుకుతుంటే గిరిజ అడిగింది.

"ఏమైంది నాన్నా? పని కష్టంగా ఉంటే మానెయ్."

"లేదు."

కష్టం పనిది కాదు. ఆ మూడు వేళ్లు ఎత్తినప్పుడు ఆ పిల్ల మూడేళ్లూ ఇక్కడే ఉంటే బాగుండునని తన లోపల ఎక్కడో ఉంది. పిల్ల దాన్ని చూసేసింది.

మర్నాడు తన రోజు కాకపోయినా హోమ్‌కి వెళ్లి ఎర్రగౌను తీశాడు. పక్క కుట్లలో గుడ్డ కత్తిరించాడు. టక్కు విప్పి అదనం తీసేశాడు. చివరికి కింద మడత. మంచిగుడ్డ. కత్తెర ఆగింది. బతుకులో ఎవరి పిల్లకీ ఆయన అలా చెయ్యలేదు. పళ్లు బిగబట్టి చుట్టూ కత్తిరించేసి, అంచు సన్నగా మడిచి కుట్టాడు. గౌనూ, కత్తిరించిన ఎర్రపట్టీ తీసుకుపోయి కిటికీ దగ్గర మేరె ముందు పెట్టాడు. లోపలివైపు తిప్పి చూపించాడు. ఏమీ మిగల్లేదు.

మేరె అంచంతా వేలితో తడిమి చూసింది. పట్టీని ఆయనకే తిరిగిచ్చింది. శుక్రవారం ఎర్రగౌనుతో వచ్చి బల్లేసుకుని కూచుంది. ఆయన పట్టీని చుట్టి సొరుగులో వేశాడు. దర్జీ గుడ్డ పారెయ్యలేడు.

కివీపళ్ల పని అయిపోయింది. అత్తకు ఇల్లు దొరకలేదు. దొరికిందన్నారు, మళ్లీ లేదన్నారు. చలి తగ్గి డాఫొడిల్ పూలు వచ్చి పోయాయి. మేరె గంట ఆయన దగ్గర కూచునేది, మిగతా పొద్దంతా కిటికీలోనే. డిసెంబరులో పొహుటుకావా చెట్లు ఎర్రగా పూసేనాటికి గౌను మోకాళ్లు దాటి పైకి పోయింది. ఆయన చూస్తూనే ఉన్నాడు, నోరెత్తలేదు. ఎలా ఎత్తుతాడు?

ఒక మంగళవారం మేరె వేరే బట్టలేసుకుని వచ్చింది. ఎర్రగౌను మడిచి మిషను మీద పెట్టింది. సొరుగు వైపు చూసింది.

ఆయన పట్టీ తీశాడు. గౌను కింది అంచుకి పెట్టి కుట్టాడు. ఆ గుడ్డ సొరుగులో రంగు మారలేదు, గౌను ఉతికి ఉతికి వెలిసింది. అతుకు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. చీరాల్లో అయితే సిగ్గుతో చచ్చేవాడు. ఈసారి లోపల గుడ్డేమీ దాచలేదు.

మేరె తొడుక్కుని అతుకు మీద చెయ్యేసుకుంది. ఆ రోజు గంట దాటినా లేవలేదు. మధ్యాహ్నమైనా లేవలేదు. ముందుగది వైపు చూడనైనా లేదు. గుండీలు వేరు చేస్తోంది, కలుపుతోంది.

ఆయన ఎదురుచూసింది ఇదే. కానీ ఆ పిల్ల అత్త కోసం చూడడం మానేసిందని తోచి, తెచ్చుకున్న పెరుగన్నం సగంలోనే వదిలేశాడు. డబ్బా మూతపెట్టి లేచాడు.

"ప్రణీతా."

తనంతట తాను పిలవడం అదే మొదలు. ప్రణీత పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది అంకుల్?"

"ఈ మిషను ముందుగదిలో వెయ్యి. కిటికీ పక్కన."

"ఆడ సందులకెల్లి గాలి కొడ్తది. మీరు తట్టుకోరు."

"కొట్టనీ."

ప్రణీత ఒకవైపు, ఆయన ఒకవైపు మిషను బల్ల పట్టుకున్నారు. మేరె గుండీల డబ్బా చంకన, తన చిన్న బల్ల చేత పట్టుకుని వాళ్ల వెనకే నడిచింది. వాళ్లు కిటికీ పక్కన మిషను దింపాక, మేరె రోడ్డు కనబడేలా తన బల్ల వేసుకుంది. ఆయన కుర్చీని కూడా తెచ్చి అటే తిప్పింది.