బ్రహ్మచారి కాక రాసిన ‘శ్రీ’

తప్పు మేం కాక అని పిలిచే బ్రహ్మచారిదేనని కంపెనీ మీటింగులో తేల్చేశారు. ఉన్ అనే పేటలో ఒక మిల్లులో వెంకటయ్య అనే కార్మికుడు తెగిన పోగు కలపబోతే, మగ్గం రోలరు అతని కుడిచేతి రెండు వేళ్లు లాగేసుకుంది. ఆ మగ్గాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అదే ఊళ్లో ఖటోదరాలోని మా కంపెనీది. మీట నొక్కి ఆపినా రోలరు ఇంకో చుట్టు తిరుగుతుందన్న ముక్క మా మాన్యువల్‌లో లేదు. జాగ్రత్తలు రాసేది కాకే. అందుకని సోమవారం నుంచి ఆయన రానక్కర్లేదన్నారు.

ముప్పై ఏళ్లు మగ్గాలు బాగుచేసిన మనిషి. ఏ కోడ్ ఏం చేస్తుందో దాన్ని రాసే ఇంజనీర్లం మేం చెబితే, కోడ్‌లోనే దాని పక్కన కార్మికుడు ఏం చూసుకోవాలో తెలుగులో రాస్తాడు. ఆ రాతల్ని ఏరి పుస్తకంగా కూర్చే ప్రోగ్రాం వేరే ఉంది. మా పెద్ద ఇంజనీరు ఓంప్రకాష్ దాన్ని పదకొండు వేల లైన్లలో కట్టాడు. దాని జోలికి పోయే ధైర్యం ఎవరికీ లేదు.

"మరిచిపోయిన్నేమో బిడ్డా, వయసైతున్నది గదా" అన్నాడు కాక. ఆసుపత్రికి వెళ్లి వెంకటయ్యను మాఫీ కూడా అడిగొచ్చాడట. నాకు ఒళ్లు మండింది.

కోడ్ తెరిచి చూస్తే రాత అక్కడే ఉంది. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు మగ్గం మీద సుద్దతో ‘శ్రీ’ రాయడం కాక అలవాటు. చేతికి దెబ్బ తగిలే చోటల్లా, దేవుడు కాపాడాలని, కోడ్‌లోనూ మొదటి లైను అదే రాశాడు. ఓంప్రకాష్ ప్రోగ్రాంకు మొదటి లైనులో మగ్గానికిచ్చే ఆదేశం పేరే ఉండాలి. లేదంటే మొత్తం రాతను పారేస్తుంది. పారేశానని చెప్పదు కూడా!

రెండు రోజుల్లో కొత్తది రాశాను. నూట ఎనభై లైన్లు. లైను ముందు కాక రాతకు గుర్తుగా మూడు గీతలుంటే చాలు, తీసుకుంటుంది. అర్థం కానిది ఎదురైతే ఆగి, ఎక్కడ ఆగిందో చెబుతుంది. అంతే. పాత పుస్తకంలోకి ఎక్కని జాగ్రత్తలు నలభై ఒకటి బయటపడ్డాయి. అన్నీ ప్రాణం మీదికొచ్చే చోట్లవే.

ఓంప్రకాష్ నవ్వాడు. ఇలాంటిది కాలేజీ పిల్లలూ రాస్తారట. ఆ ముసలాయన్ని ‘శ్రీ’ మానెయ్యమంటే సరిపోతుందట, పాతదే ఉంచుదామట. సిగ్గన్నా ఉండాలి కదా మనిషికి.

"సార్, ఆయన రాశాడు. మీ ప్రోగ్రాం పారేసింది. ఈ మాట మీటింగులో మీరే చెప్పాలి" అన్నాను.

మీటింగులో "చిన్న సాంకేతిక లోపం" అన్నాడు, ఎవరిదో చెప్పలేదు. కాక ఉద్యోగం మాత్రం నిలిచింది. కొత్త పుస్తకం ‘శ్రీ’లతో సహా అచ్చయింది.

ఆదివారం కాకా నేనూ మొదటి ప్రతి పట్టుకుని లింబాయత్‌లో వెంకటయ్య గదికి వెళ్లాం. అతను ఎడమచేత్తో పేజీలు తిప్పి, రోలరు గురించిన పేజీ దగ్గర ఆగాడు.

"గిది ఎప్పుడు రాసినవే?"

"పోయిన దసరాకు" అన్నాడు కాక తల దించుకుని. వేళ్లు పోయింది సంక్రాంతి దాటాక. ఆ రాతను ఓంప్రకాష్ ప్రోగ్రాం ఎలా పారేసిందో నేను చెప్పాను.

వెంకటయ్య కట్టు కట్టిన చెయ్యి ఆ పేజీ మీద పెట్టాడు.

"గట్లయితే నువ్వెందుకు మాఫీ అడిగినవ్? అడగాల్సినోడు రానే రాలే గదా."

నాకు సోమవారం ఆఫీసు తెరిచేదాకా ఆగాలనిపించలేదు. ఓంప్రకాష్ నంబరు కలిపి, ఫోను వెంకటయ్య ఎడమచేతిలో పెట్టాను.