పచ్చిగా మిగిలిన పఫ్

ఆ వీధిలో పొద్దున్నే ఎవరింట్లోనూ పొయ్యి వెలిగేది కాదు. మూల కొట్టులో పఫ్‌లు ఉంటాయి కదా అని అందరికీ ధీమా. ఆ కొట్టావిడని చిన్నా పెద్దా అందరూ పఫ్‌లక్క అనేవారు. ముందురోజే మైదా పిండి కలిపి, పలచగా ఒత్తి, వెన్న రాసి, మూడు మడతలు వేసి పక్కన పెట్టేది. తెల్లారాక మళ్ళీ ఒత్తడం, మళ్ళీ మడవడం. "పిండిని తొందరపెడితే అది మనల్ని నవ్వులపాలు చేస్తుంది" అనేది.

అరచేయంత చదరాలు కోసి, మధ్యలో కూర పెట్టి, అంచులకి తడి అద్ది మూసేది. కూర ఎవరి రుచి వాళ్ళది. టైలరుకి ఉల్లిపాయ ఎక్కువుండాలి, బడి పంతులమ్మకి ఉడికించిన గుడ్డు సగం, బస్సు డ్రైవరుకి కళ్ళనీళ్ళు తిరిగేటన్ని మిరియాలు. ఏది ఎవరిదో తెలియడానికి పైన గుర్తులు పెట్టేది. ఒకరికి కత్తిగాటు, ఒకరికి వేలిముద్ర, ఒకరికి మూడు చుక్కలు. బట్టీ పని మొగుడిది. ఆయన మాట్లాడేది తక్కువ. నిప్పుతో పనిచేసేవాడికి నోటితో పనేముంది అనేవాడు.

అప్పుడప్పుడూ ట్రేలో అన్నీ ఎర్రగా కాలి పొరలు పొరలుగా పొంగినా, మధ్యలో ఒక్కటి మాత్రం పెట్టింది పెట్టినట్టే తెల్లగా, చల్లగా ఉండిపోయేది. అది ఎవరిదైతే వాళ్ళకి ఆ రోజు బాగాలేదన్నమాట. దీన్ని ఎవరూ వింతగా అనుకోలేదు. మబ్బు పడితే గొడుగు పట్టుకెళ్ళినట్టు, పఫ్ పచ్చిగా వస్తే ఇంటిపట్టున ఉండేవారు. బస్సు డ్రైవరు సెలవు చీటీలో కారణం అదే రాశాడు. పై అధికారి సంతకం పెడుతూ, "నాది ఎలా వచ్చిందో కాస్త కనుక్కోవయ్యా" అన్నాడట. టైలరుది పచ్చిగా వచ్చిన రోజు కత్తెరలూ సూదులూ పక్కింట్లో దాచి, పొద్దంతా కుర్చీలోంచి కదల్లేదు. సాయంత్రం కందిరీగ ముక్కు మీద కుట్టింది. "ముక్కుతో పోయింది" అని వారం రోజులు వీధంతా చూపించుకు తిరిగాడు.

పఫ్‌లక్క మాత్రం నవ్వి మూడేళ్ళయింది.

ఆమె మరిది లారీ నడిపేవాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు. తోడికోడళ్ళిద్దరూ ఒకే బల్లకి చెరోవైపు నిలబడి పిండి మడిచేవాళ్ళు. తెలియనివాళ్ళు వాళ్ళని ఒక తల్లి బిడ్డలే అనుకునేవారు. ఒకరోజు చిన్నామెకి జ్వరం వచ్చి మేడమీద పడుకుంది. కొట్టు నిండా జనం. ట్రేలో మరిది పఫ్ పచ్చిగా ఉంది. అక్క దాన్ని చూసింది. చూసి కూడా, మూలకి పెట్టడం వల్ల వేడి తగిలుండదులే అని తనకి తాను సర్దిచెప్పుకుని, మొగుడు కట్టెల కోసం పెరట్లోకి వెళ్ళినప్పుడు తనే మళ్ళీ బట్టీలోకి తోసింది. రెండోసారి అది బంగారంలా కాలింది. మరిది చేతికిచ్చింది. అతను తిని లారీ ఎక్కాడు. మధ్యాహ్నానికి, లారీ వంతెన మీంచి పడిపోయిందని కబురొచ్చింది.

ఆ తప్పు ఇంకెవరూ చూడలేదు. దాచుకుంటే దాగేదే. పదిరోజుల తర్వాత అక్క తనంతట తనే తోడికోడలి ముందు కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. చిన్నామె అంతా విని, సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. రెండు వీధుల అవతల ఒక గదిలో దిగి, లాండ్రీలో పనికి కుదిరింది. అక్క దారిలో ఎదురుపడితే గోడని చూసినట్టు చూసి పోయేది.

అయినా అక్క రోజూ ఆమె పఫ్ చేస్తూనే ఉంది. ఉల్లిపాయ లేకుండా బఠాణీ, బంగాళాదుంప కూర. పైన చెంచా అంచుతో నొక్కిన నెలవంక. పంపేది కాదు, పంపితే వెనక్కొస్తుందని తెలుసు. అది కాలి వస్తే చాలు, ఆ రోజుకి ఆ పిల్ల క్షేమం. ఆ కబురు కోసమే చేసేది. తర్వాత తనే ఓ మూల నిలబడి తినేసేది.

ఒక పొద్దున నెలవంక పఫ్ పచ్చిగా వచ్చింది.

అక్క ట్రే ముందు కొయ్యబారిపోయింది. మొగుడు వంగి చూశాడు.

"కొట్టు నేను చూసుకుంటాలే. నువ్వెళ్ళు" అన్నాడు.

"తలుపు తియ్యదు."

"తీసేదాకా కొట్టు."

చేతులకంటిన పిండి కూడా కడుక్కోకుండా, పఫ్‌ని పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళింది. నాలుగోసారి కొట్టాక తలుపు తెరుచుకుంది. చిన్నామె పనికి బయల్దేరుతూ జడ వేసుకుంటోంది.

"ఏం కావాలి?"

అక్క పళ్ళెం ముందుకు చాపింది. "ఇవాళ పనికి వెళ్ళకు."

చిన్నామె పఫ్‌నీ, దాని మీది నెలవంకనీ చూసింది. జడ అల్లుతున్న చెయ్యి ఆగింది.

"ఇంకా నాకు చేస్తున్నావా?"

"రోజూ."

ఒక్క క్షణం ఆమె ముఖం మెత్తబడింది. అంతలోనే బిగుసుకుంది. "మళ్ళీ కాల్చెయ్యకపోయావా? అలవాటేగా నీకు."

"ఏమైనా అను, పడతాను. ఇవాళ ఒక్కరోజు గడప దాటకు."

"నా మొగుడికి దక్కని హెచ్చరిక నాకొద్దు."

"అయితే పద, నేనూ వస్తా."

"నువ్వొస్తే? గండం నిన్ను చూసి దండం పెట్టి పోతుందా?"

అక్కకి ఏం చెయ్యాలో తోచలేదు. పళ్ళెంలోని పఫ్ తీసి సగానికి కొరికేసింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్? అది నాది!"

"తెలుసు" అంది అక్క నోటినిండా పిండితో.

"నాది నువ్వెందుకు తింటావ్? ఎవరడిగారు నిన్ను?" అంటూ చిన్నామె మిగిలిన సగం లాక్కుని తన నోట్లో కుక్కుకుంది. పచ్చిపిండి పళ్ళకంటుకుంది, వెన్న అంగిట్లో పేరుకుంది. ఇద్దరూ గడపకి చెరోవైపు నిలబడి, గుడ్లురిమి చూసుకుంటూ, మింగుడుపడని దాన్ని చాలాసేపు నమిలారు. పచ్చి పఫ్ తింటే ఏమవుతుందో వీధిలో ఎవరికీ తెలియదు. అప్పటిదాకా తిన్నవాళ్ళు లేరు.

చిన్నామె తాళం వేసి బయల్దేరింది. నాలుగడుగులు వెనగ్గా అక్క నడిచింది.

లాండ్రీ గుమ్మంలో మేస్త్రీ ఆపాడు. "ఈవిడెవరు?"

"నాకు తెలీదు" అంది చిన్నామె.

మేస్త్రీ పరకాయించి చూసి ఉలిక్కిపడ్డాడు. "పఫ్‌లక్క కదూ! ఎవరిది పచ్చిగా వచ్చిందమ్మా?"

చిన్నామె బళ్ళో పిల్లలా చెయ్యెత్తింది. మేస్త్రీ ఇద్దరికీ దారి వదిలాడు. "నువ్వు బాయిలరు దరిదాపులకి రాకు. ఆ చివర దుప్పట్లు మడువు, పో" అన్నాడు.

ఆ చివర ఆవిరి లేదు, యంత్రాల గోల లేదు. కిటికీలోంచి ఎండ పడుతోంది. పైన కప్పుకి గొలుసులతో వేలాడదీసిన ఇనప దండెం మీద తడి రగ్గులు ఆరేసి ఉన్నాయి. చిన్నామె ఆరిన దుప్పటి ఒకటి తీసింది. రెండో కొస అక్క పట్టుకుంది. వద్దని చిన్నామె అనలేదు. చేతులు వాటంతటవే కలిశాయి. లాగడం, దులపడం, ఎదురుగా నడిచొచ్చి కొసలు కలపడం, వెనక్కి వెళ్ళడం. అలా ముప్ఫై దుప్పట్లయ్యాయి. వాళ్ళ మడతలు ఎక్కడా వంకర పోలేదు.

ముప్ఫై ఒకటో దుప్పటికి కొసలు కలుపుతుండగా పైన గొలుసు తెగింది.

దండెం ఒక వైపుకి ఒరిగి, తడి రగ్గుల బరువంతా వేసుకుని కూలింది. కొసలు కలపడానికి ఇద్దరూ ముఖాముఖి దగ్గరకొచ్చిన క్షణమది. ఇనుము ఇద్దరి భుజాల మీదా ఒక్కసారే పడింది. అక్కకి కుడి వైపు, చిన్నామెకి ఎడమ వైపు. మేస్త్రీ, మరో నలుగురూ కలిసి ఎత్తితే గానీ అది లేవలేదు.

"ఇద్దరికీ భుజం ఎముకే విరిగింది. అతుక్కుంటుంది" అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. "ఇంత బరువూ ఒక్కరి మీదే పడుంటే మెడ నిలిచేది కాదు."

కట్లు కట్టే గది బయట బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. విరగని భుజాలు ఒకదానికొకటి ఆనుకున్నాయి. ఎవరూ జరగలేదు. చిన్నామె నేల చూస్తూ అడిగింది.

"ఆ రోజు తినేటప్పుడు ఏమైనా అన్నాడా?"

మూడేళ్ళలో ఈ మాట ఎవరూ అడగలేదు. ఎవరూ అడక్కపోవడంతో అక్క ఎవరికీ చెప్పలేదు.

"'వదినా, ఇవాళ భలే కుదిరింది. రేపూ ఇలాగే చెయ్యి' అన్నాడు."

"మొత్తం తిన్నాడా?"

"చేతికంటిన పొరల పొడితో సహా."

చిన్నామె మెల్లగా తలూపింది. "అయితే ఆకలితో పోలేదన్నమాట."

అంతే అంది. ఆ తర్వాత ఏడుపు మొదలైంది. ఏడుస్తుంటే విరిగిన ఎముక కలుక్కుమంటోంది, అయినా ఆపుకోలేదు. అక్క అలవాటులేని ఎడమ చేత్తో ఆమె కళ్ళు తుడవబోయి చెంప మీద తట్టింది.

లోపల్నుంచి నర్సు కేకేసింది. "ముందు ఎవరు?"

ఇద్దరూ ఒకేసారి లేచారు.