అంచు కట్టని బుట్టలు

లెటర్ ప్యాడు లేదని ఆ స్టోర్సు ఆఫీసరు నన్ను బెంచీ మీద నుంచి లేపేశాడు. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మాది మైపాడు పక్కన సముద్రపొడ్డు పల్లె. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లం తాటాకు బుట్టలు అల్లుతాం. గూడూరు మైకా కంపెనీలో ఏరిన అభ్రకం రేకులు ఆ బుట్టల్లోనే పోస్తారు. అంచు గట్టిగా లేకపోతే ఆ బరువుకు బుట్ట విచ్చుకుపోతుంది. అందుకని అంచును పాత వల నూలుతో చుట్టి చివర ఎంత బరువుకూ జారని ముడి వేస్తాం. ఆ ముడి ఇంటికొక రకం. ఒడ్డున వలలు కలిసిపోతే ఎవరివి వాళ్లు గుర్తుపట్టడానికి పెద్దలు పెట్టుకున్న పద్ధతి అది. అత్త కోడలికి నేర్పుతుంది, బయటివాళ్లకు చచ్చినా చూపించరు. మా అత్త కామమ్మ నాకు నేర్పింది నాలుగు మెలికల ముడి.

ఏళ్ల తరబడి మా బుట్టలన్నీ ముత్యాలయ్య కాంట్రాక్టరు చేతి మీదుగానే కంపెనీకి పోయేవి. అరవై నాలుగులో ధర కాస్త పెంచమని అడిగితే, "ఇష్టముంటే ఇయ్యండి, లేకుంటే గూడూరికి మీరే మోసుకుపోండి" అన్నాడు. సరే, మోసుకుపోతామనుకున్నాం. కంపెనీకి రెండు వేల బుట్టలు కావాలని, సోమవారం మచ్చు తెచ్చి చూపించమని గేటు మీద కాగితం అంటించారట. వానాకాలం దగ్గరికొచ్చింది. ముసురు పట్టిందంటే పడవలు కదలవు. ఆ నెలల్లో మా పదకొండు ఇళ్లలో పొయ్యి వెలగాలంటే ఆ ఆర్డరు మా పేరున రావాలి. నేనూ మా తోడికోడలు పిచ్చమ్మా మచ్చు బుట్ట పట్టుకుని బయలుదేరాం.

ఆఫీసరు తల ఎత్తకుండానే అడిగాడు. "ఏ కంపెనీ మీది?"

"కంపెనీ యాడుంది సార్. మేమే అల్లేది."

"ఓనరెవరు?"

"తాటాకు మాది, చేతులు మావి. ఇంకా ఓనరెవరు కావాల?"

"లెటర్ ప్యాడు ఉందా? రబ్బరు స్టాంపు? పోనీ, సంతకం పెట్టే మగాడెవరైనా ఉన్నాడా?" అన్నాడు. లేదన్నాను. "అయితే లే. అది సప్లయర్లు కూర్చునే బెంచీ."

లేచాను. ఎదురుగా కుర్చీలో ముత్యాలయ్య కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆఫీసరు నా బుట్టను రెండు వేళ్లతో ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఛీ, చేపల కంపు" అని కింద పడేశాడు. బల్ల మీదున్న ఇంకో బుట్టను ముద్దుగా తిప్పి చూపించాడు. "ముత్యాలయ్యగారి మచ్చు ఇది. పనితనమంటే ఇట్లా ఉండాలి."

చూశాను. అంచు మీద నాలుగు మెలికలు!

"అది నేనల్లిందే సార్!"

"పల్లెటూరోళ్లు సార్, ఏందో ఒకటంటారు" అని ముత్యాలయ్య నవ్వాడు.

నాకు తిక్క రేగింది. ఆ బుట్ట లాక్కుని ముడి విప్పేసి ఆయన ఒళ్లో పెట్టాను. "నీదే గదా ముత్యాలయ్యన్నా. కట్టు, చూస్తాం."

ఆయన నూలు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చివరికి, "మా పనోళ్లు కడతారు" అన్నాడు.

"ఆ పనోళ్లం మేమే" అని నేల మీద కూర్చుని, అందరూ చూస్తుండగా కట్టేశాను. ఆఫీసరు రెండు బుట్టలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"ఇప్పుడు కంపు పోయిందా సార్?" అంది పిచ్చమ్మ.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా" అన్నాడు ఆఫీసరు. "కానీ రూలు రూలే. పుస్తకంలో పేరెక్కాలంటే లెటర్ ప్యాడు ఉండాలి. ఎట్లాగూ కంపెనీకి వచ్చేది నీ బుట్టే కదా, నీకేం నష్టం?"

నాకేం నష్టమట! నా కళ్లెదుటే ఆ లావుపాటి పుస్తకంలో ముత్యాలయ్య పేరు రాసుకున్నాడు. బస్సు దిగి ఇంటికి రాగానే పదకొండు ఇళ్లవాళ్లం ఒకచోట కూర్చుని అల్లిక మొదలుపెట్టాం.

నాలుగు వారాల తర్వాత ముత్యాలయ్య బండ్లు కట్టుకుని వచ్చాడు. బుట్టలన్నీ దొంతరలు పెట్టి ఉంచాం. అల్లిక పూర్తయింది, అంచు ఒక్కదానికీ కట్టలేదు.

"ఏందమ్మే ఇది?"

"కాంట్రాక్టరువి నువ్వు, పనితనం నీది. కట్టుకో" అన్నాను.

"గూడూరులో చేతులున్నోళ్లే లేరా?" అని, అంచు లేదని సగం ధర మా ముందు పడేసి, బుట్టలు ఎక్కించుకుపోయాడు.

మర్నాడే ముసురు పట్టింది. ఆ సగం డబ్బు వారం తిరక్కుండానే అయిపోయింది. పిల్లలకు గంజే దిక్కయింది. "బిడ్డలకేం పెడతాం ఆదిశేషమ్మా, తప్పు చేసినామేమో?" అని పిచ్చమ్మ ఏడ్చింది. నాకూ భయంగానే ఉంది. ఆ మాట దానితో అనలేదు.

పన్నెండో రోజున కంపెనీ జీపు వచ్చింది. ఇసుకలో కూరుకుపోతే ఆఫీసరు బూట్లు చేత్తో పట్టుకుని, వానలో తడుస్తూ, బోర్డు లేని నా గుడిసె ఎక్కడని అడుగుతూ వచ్చాడు. గూడూరులో ఎవరెవరి చేతనో కట్టించిన అంచులు మైకా పోయగానే విచ్చుకుపోయాయట. సరుకంతా షెడ్లో నేల పాలయిందట.

"అంచులు కట్టిపెట్టమ్మా. ఆర్డరు నీ పేరుకే రాస్తాను" అని చాప మీద కూర్చుని పుస్తకం తెరిచాడు.

"లెటర్ ప్యాడు అడగరా సార్?"

ఆయన కలం మూత తీశాడు. "పేరు చెప్పు."

"ఆదిశేషమ్మ. పిచ్చమ్మ. చెంచులక్ష్మి..."

"ఒక్క పేరు చాలమ్మా. ఇక్కడ ఒక గీతే ఉంది."

"అల్లినోళ్లం పదకొండు మందిమి సార్. గీతలు గీసుకోండి."

ఆయన నా మొహం వంక చూశాడు. తర్వాత తడి చేతులు చొక్కాకు తుడుచుకుని, ఒక్కొక్క గీతే గీశాడు. పదకొండో పేరు రాసిందాకా నేను నూలు చేతిలోకి తీసుకోలేదు.