చిట్టికి కనబడని వెలుతురు

యానాం వెళ్ళినవాళ్ళంతా మందు సీసాలు తెచ్చుకుంటే, సీసీ కెమెరాలు బిగించే అచ్చిబాబు పంజరం తెచ్చాడు. అందులో రెండు కాకటీల్ పిట్టలు, తలమీద జుట్టున్న చిన్న చిలకలు. వీధంతా నవ్వింది. పిల్లల్లేని అతని భార్య దుర్గాశ్రీ మాత్రం నవ్వలేదు. బుజ్జి, చిట్టి అని పేర్లు పెట్టి ఆరేళ్ళు ప్రాణంలా పెంచింది.

మొన్న వానాకాలంలో బుజ్జి పోయింది. తెల్లారేసరికి పంజరం అడుగున పడి ఉంది. ఇప్పుడు చిట్టికి ఆయాసం పట్టుకుంది. రాజమండ్రి పక్షుల డాక్టరు మందులిచ్చి, రాత్రిళ్ళు ఏం జరుగుతోందో కనిపెట్టమన్నాడు.

లైటు వేసుకుని, ఫ్యాను కింద రెండు రాత్రులు కాపలా కూర్చున్నారు. చిట్టి కుదురుగానే ఉంది.

"మనం వెళ్ళాకే ఏదో వస్తోందండీ. పామేమో," అంది దుర్గాశ్రీ.

అచ్చిబాబుకు పంతం వచ్చింది. ఊళ్ళో దొంగలందర్నీ పట్టించేవాడికి ఇంట్లో దొంగ దొరకడా! అయితే మామూలు కెమెరాకు చీకట్లో ఎర్రచుక్కలు వెలుగుతాయి. అవి చూస్తే చిట్టి బెదిరి కమ్మీలకు కొట్టుకుంటుంది. అందుకని కంటికి బొత్తిగా కనబడని ఇన్‌ఫ్రారెడ్ దీపం తెప్పించి గోడకు బిగించాడు. చీకటి పడగానే కెమెరా టిక్కుమంటుందని, లోపల అటూ ఇటూ జరిగే చిన్న అద్దాన్ని కూడా ఊడబీకేశాడు.

ఆ రాత్రి ఇద్దరూ పక్కగదిలో ఫోను ముందు కూర్చున్నారు. పాము రాలేదు. ఎలుకా రాలేదు. పంజరం కింద నుంచి తెల్లటి పొగ నిటారుగా లేచి చిట్టిని కప్పేసింది. చిట్టి కమ్మీలు పట్టుకుని పైమూలకు పాకి, ముక్కు బయటకు పెట్టి గాలికోసం నోరు తెరిచింది.

అది దోమల కాయిల్ పొగ. వెనక రొయ్యల చెరువుల పుణ్యమా అని ఆ వీధిలో దోమలకు కొదవలేదు. పిట్టల్ని కుట్టేస్తాయని దుర్గాశ్రీ రోజూ పంజరం కిందే కాయిల్ వెలిగించేది. గాలికి జలుబు చేస్తుందని ఫ్యాను ఆపి, తలుపు వేసేది. కాపలా కూర్చున్న రెండు రాత్రులే ఫ్యాను తిరిగింది.

అచ్చిబాబు పరుగెత్తి కాయిల్‌ని వీధిలోకి విసిరేశాడు. కిటికీలన్నీ తెరిచాడు.

పొద్దున్నే మళ్ళీ రాజమండ్రి తీసుకెళ్ళారు. "ఊపిరితిత్తులు పాడైపోయాయమ్మా. ఇంక బెదరకుండా చూసుకోండి, అంతే," అన్నాడు డాక్టరు.

"బుజ్జిని కూడా నేనే చంపానండీ," అంది దుర్గాశ్రీ, బస్సులో.

కాదనాలని అచ్చిబాబు నోరు తెరిచాడు. ఆరేళ్ళుగా అగ్గిపెట్టె అందించింది తనే.

ఆ రాత్రి కూడా ఫోను ముందే కూర్చున్నారు. దోమలు కాళ్ళు పీక్కుతింటున్నా ఇద్దరూ కదల్లేదు. చిట్టి అడ్డపుల్ల మీంచి జారి పంజరం అడుగుకు చేరింది. రెక్కలు వేలాడేసి, ఒక్కో ఊపిరీ ఆగి ఆగి తీస్తోంది. తల అటూ ఇటూ తిప్పి చూస్తోంది. దానికి అంతా చీకటే. తన మీద అంత వెలుతురు పడుతోందని దానికేం తెలుసు?

"మనకోసం వెతుకుతోందండీ."

"ఉన్నట్టుండి లైటు వేస్తే బెదురుతుందే."

"బెదరనివ్వండి. మనిద్దరం ఉన్నామని ఒక్కసారి చూడనివ్వండి."

అచ్చిబాబు లేచి వెళ్ళి మామూలు లైటు వేశాడు.