తడిగోడ మీది ముఖం

సరస్సు మీద పొగమంచు లేస్తే చాలు, నా ప్రాణమంతా గోడల మీదే ఉంటుంది. మూడు వైపులా నీళ్లున్న చోట కోట కట్టినవాడికి బుద్ధి లేదు. వాడి కొడుకు ఆ కోట పక్కన ఒక మేడ కట్టాడు, మనవడు ఇంకో మేడ, మునిమనవడు చర్చి, వాటన్నిటినీ కలుపుతూ వసారాలు. తండ్రి పడుకున్న గదిలో పడుకోవడం మా ప్రభువులకు నామోషీ. ఆ గోడల మీది బొమ్మలకు పట్టిన మసిని రొట్టె లోపలి మెత్తటి ముద్దతో అద్ది తీయడం నా పని. గోడలకు తెల్లరొట్టె, మాకు జావ.

నా మొగుడు బ్రునోరో ఆస్థాన చిత్రకారుడు. పాత విందుశాలలో ప్రభువు కుటుంబమంతా నిలబడ్డ బొమ్మ అతను వేసిందే. తడి సున్నం మీద వేసిన రంగు గోడలో కలిసిపోయి, గోడ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. ఎండిన గోడ మీద జిగురు కలిపి వేసిన రంగు చెమ్మ తగిలితే పొలుసులుగా రాలిపోతుంది. ఈ సంగతి మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

ప్రభువు తమ్ముడు అస్కానియో మా పగవాళ్లయిన వెనిస్ వాళ్లతో చేతులు కలిపాడని అతన్ని నేపుల్స్‌కు వెళ్లగొట్టారు. బొమ్మలో అతని ముఖాన్ని ఉలితో చెక్కేసి, కొత్త సున్నం పూసి వేరే మనిషిని వేయమని బ్రునోరోకు ఆజ్ఞ అయింది. ఆజ్ఞ మీరితే కుడిచెయ్యి తీసేస్తామన్నారు. ఈ మహానుభావుడు ఉలి ముట్టలేదు. ఆ ముఖం మీదే జిగురు రంగుతో ఒక గడ్డం మంత్రిని వేసి ఇంటికొచ్చాడు.

"ఎందుకు చేశావయ్యా ఇలాంటి పని?" అన్నాను.

"అన్నదమ్ముల కోపం ఎన్నాళ్లుంటుందే? రేపు కలిసిపోతే ఆ ముఖం మళ్లీ ఎక్కణ్ణుంచి తేను? తడిగుడ్డతో తుడిస్తే మంత్రి పోతాడు, చిన్నబాబు వస్తాడు."

"ఈలోపు చెమ్మకే వచ్చేస్తే?"

"వస్తే చూద్దాంలే."

"చూడ్డానికి కళ్లుంటాయి. దిద్దడానికి చెయ్యే ఉండదు."

అప్పటినుంచీ ఏ ఉదయమూ నేను స్థిమితంగా లేచింది లేదు. లేవగానే విందుశాలకు పరుగెత్తి, మంత్రిగారి గడ్డం ఉందో ఊడిందో చూసుకుంటే గాని ముద్ద దిగేది కాదు. ఈ ఏడు మంచు మొదలవుతూనే మంత్రి నుదురు రాలింది. ఆ వెనకే చిన్నబాబు ఎడమ కన్ను బయటపడింది. పక్క గోడలు చూస్తే పొడిగా ఉన్నాయి. చెమ్మ ఒక్క మంత్రి మీదే పగబట్టిందేమిటో నాకు అర్థం కాలేదు.

మర్నాడు తలుపు చాటున నిలబడ్డాను. ప్రభువు తల్లిగారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు. రుమాలు నీళ్లలో ముంచి, పీట మీదికెక్కి మంత్రి ముక్కు తుడుస్తున్నారు.

"అమ్మగారూ!" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

ఆవిడ తిరిగి చూడలేదు. "అరవకే డొరొతెయా. పీట మీంచి పడతాను."

"మీకు కొడుకు ముఖం కావాలి. నాకు మొగుడి చెయ్యి వద్దా?"

"నుదురు రాలినచోట వాడి కనుబొమ్మ కనబడిందే. ముక్కు వరకే తుడుస్తాను. మూతి జోలికి పోనుగా."

ఆవిడ మీద ఒళ్లు మండింది. ఆ ముసలి వేళ్లు చూసి జాలీ వేసింది. ఏడుస్తూనే ఇంటికి పరుగెత్తి బ్రునోరోను లాక్కొచ్చాను. అప్పటికి ఆవిడ వెళ్లిపోయారు. అతను జిగురు కలుపుకుని, కన్ను మీద కుంచె పెట్టాడో లేదో ప్రభువు లోపలికి వచ్చారు. ఒంటరిగా వచ్చారు.

గోడ దగ్గరికి వెళ్లి ఆ కన్నువంక చూశారు. "చెక్కేయమన్నాను కదా?"

"అన్నారు ప్రభూ."

"మరి?"

"కోపం తగ్గుతుందేమోనని..."

నేను బ్రునోరో కుడిచెయ్యి పట్టుకున్నాను. ఇంకొకరు చూస్తుండగా అలా పట్టుకోవడం పెళ్లినాటి తర్వాత ఇదే.

ప్రభువు పీట మీద కూలబడ్డారు. "తగ్గిందయ్యా, ఆలస్యంగా. వేసవిలో నేపుల్స్‌లో జ్వరమొచ్చి పోయాడు. పిలిపిద్దామని నేను అనుకుంటుండగానే పోయాడు." అరచేత్తో ముఖం తుడుచుకున్నారు. "అమ్మకు చెప్పలేదు. మీరూ చెప్పకండి. ఆ మంత్రిని మొత్తం తుడిచెయ్యి. వాణ్ణి ఉండనీ."

ఆయన వెళ్లగానే నేను నేలమీద చతికిలబడి ఏడ్చాను. చెయ్యి దక్కిందన్న సంతోషంతోనే ఏడ్చాను, అబద్ధమెందుకు. చచ్చిపోయినవాడి కోసం ఒక్క చుక్కా కార్చలేదు. బ్రునోరో తడిగుడ్డతో మంత్రిని తుడిచేశాడు. చిన్నబాబు ముఖమంతా, పల్చటి పెదవులతో సహా, నిన్న వేసినట్టే వచ్చింది.

కర్ర చప్పుడైంది. అమ్మగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎవరు తుడిచేయమన్నారే? పెద్దవాడేనా?"

"ఆయనేనమ్మగారూ."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. వచ్చి నా బుగ్గలు రెండు చేతులతో పట్టుకున్నారు. "అయితే క్షమించేశాడు. పిలిపిస్తున్నాడన్నమాట. నాకు చెప్పకుండా దాచాడు చూడు, చిన్నప్పుడూ అంతే. సరస్సు వైపు గది ఊడ్పించు. కొత్త దుప్పట్లు తీయించు. ఈపాటికి బయల్దేరి ఉంటాడంటావా?"

బ్రునోరో వంక చూశాను. అతను గోడవైపు తిరిగిపోయాడు.

"బయల్దేరే ఉంటారమ్మా," అన్నాను.