దాహం మరిచిన కారు

రేడియేటర్ మూత మీద చెయ్యి పెడితే చల్లగా ఉండేది. అయినా భీమ్లా చెవిలో నీళ్లు మరుగుతున్న చప్పుడు ఆగేది కాదు. బానెట్ ఎత్తి చూసేవాడు, దించేవాడు, రెండడుగులు వేసి మళ్లీ ఎత్తేవాడు. ఇతనికి గాలి సోకిందని తండాలో కొందరు అన్నారు. పెళ్లాం మంగ్లి నిమ్మకాయలు దిగదుడిచి పారేసింది. పాపం, నిమ్మకాయకు లొంగే రోగమా అది?

కారు భీమ్లాది కాదు, అతను డ్రైవరు. కారు బసవపున్నయ్యగారిది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఖమ్మంలో స్థిరపడి, చర్ల అడవుల్లో తునికాకు, వెదురు కాంట్రాక్టులు పట్టిన మనిషాయన. ఎవరో జమీందారు మోజు తీరి వదిలేసిన పొడవాటి విదేశీ కారును కొన్నాడు. తోలు సీట్లు, చెక్క డాష్‌బోర్డు, తలుపు వేస్తే పెళ్లివారిల్లులా సువాసన. పైన పటారం, లోన లొటారం అన్నట్టు ఇంజను మాత్రం ముసలిది. ప్రతి గురువారం చర్లలో పని చూసుకుని భద్రాచలం తిరిగి వస్తుంటే, నల్లగట్టు ఎక్కేసరికి రేడియేటర్ మరిగి పొగలు కక్కేది. గట్టు మీద పెద్ద బండరాయి పక్కన కారు ఆపక తప్పేది కాదు.

ఆ బండ దగ్గరే కోయగూడెం. ఎర్రమ్మ అనే ముసలమ్మ ఆనపకాయ బుర్రతో వాగు నీళ్లు తెచ్చి పోసేది. కారు చల్లబడేదాకా గంటసేపు కూర్చోవాలి. ఆ గంటలో గూడెంవాళ్లు ఎవరో ఒక జ్వరం మనిషినో, పాము కరిచిన మనిషినో తీసుకొచ్చి నిలబడేవారు. గూడేనికి పొద్దున వచ్చే బస్సు తప్ప వేరే బండి లేదు. బసవపున్నయ్యగారు దయగల మనిషి అని నేను చెప్పను. దారిలో చెయ్యెత్తితే ఆపే రకం కాదు. కానీ వాళ్ల నీళ్లు తాగిన కారులో కూర్చుని, వాళ్ల మనిషిని ఎక్కించుకోనని ఎలా అంటాడు? మొహం చిట్లించుకునైనా వెనకసీటు చూపించేవాడు. అలా నాలుగేళ్లలో గురువారం కారు గూడేనికి దవాఖానా బండి అయింది. ఆ సంగతి వాళ్లు ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు, ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు.

భీమ్లాకు మాత్రం ఆ గంట నరకం. పక్కనుంచి పోయే లారీ డ్రైవర్లు ఊరుకుంటారా? "ఏం భీమ్లా, చాయ్ మరిగిందా? మాకు గూడ రెండు కప్పులు పొయ్యి" అనేవాళ్లు. అంత దర్జా బండి నడుపుతూ ఆ మాట పడటం అతనికి చచ్చే చావుగా ఉండేది. యజమాని చెవిలో జోరీగలా చేరాడు. చివరికి ఎనభై ఆరు ఎండాకాలంలో ఖమ్మంలో యాకూబ్ మిస్త్రీ షెడ్డుకు కారు చేరింది.

"ఈ ముసలిదానికి ఇంజను బలం పెంచడం అంత అవసరమా యాకూబ్? పెట్టినదానికి ఫలం ఉంటుందా?" అన్నాడు బసవపున్నయ్య.

"ఊర్ల తిరిగే కారైతే వద్దంట సార్. దమ్ము పెరుగుతది, అట్లనే పెట్రోలు తాగుతది, ఇంజన్ ఉమర్ తగ్గుతది, జల్ది పాడైతది. గట్టెక్కాలంటే మాత్రం పనికొస్తది. మీ ఇష్టం."

యజమాని నసిగాడు. అప్పుడు భీమ్లా అందుకున్నాడు. "సారూ, ఆ బండ కాడ గంటసేపు కూసునుడు మీ అసొంటోళ్లకు బాగుంటదా?"

ఆ మాటతో పని అయిపోయింది. బోరు పెంచారు, కొత్త పిస్టన్లు వేశారు, ఇంజను పైమూత హెడ్డును రాపించి పలచన చేశారు, రెండు కార్బురేటర్లు, పెద్ద రేడియేటర్ బిగించారు. స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు అదిరాయి. భీమ్లా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మొదటి గురువారం. మధ్యాహ్నం మూడింటికి చర్ల నుంచి తిరుగు ప్రయాణం. గట్టు మొదట్లో గేరు మార్చాల్సిన పని కూడా పడలేదు. "తొక్కరా, చూద్దాం" అన్నాడు బసవపున్నయ్య చిన్నపిల్లాడిలా ముందుకు వంగి. భీమ్లా తొక్కాడు.

బండ దగ్గర ఎర్రమ్మ నిలబడి ఉంది, బుర్ర రెండు చేతులతో పైకెత్తి. ఆమె పక్కన నేల మీద డోలీ. డోలీలో ఎవరో ఉన్నారు. భీమ్లా చూశాడు. అతని కాలు బ్రేకు మీదికి పోయింది కూడా. కానీ కారు గాలిలో తేలినట్టు పోతోంది, పక్కన యజమాని నవ్వుతున్నాడు, ఇన్నేళ్లలో మొదటిసారి. నీళ్లు పొయ్యడానికి వచ్చింది ముసలిది, మాకు నీళ్లక్కర్లేదు, వచ్చేవారం చెబుదాంలే అనుకున్నాడు. డోలీ గురించి ఏమీ అనుకోలేదు. అద్దంలో ఎర్రమ్మ నీళ్లు ఒలకబోసుకుంటూ వెనక పరుగెత్తడం కనిపించింది. మలుపు తిరిగాక అదీ కనిపించలేదు.

మరుసటి గురువారం బండ దగ్గర మనిషి లేడు. బండ పక్కన పచ్చి కొమ్మలు కుప్పగా ఉన్నాయి. ఆ అడవిలో దారిమీద ఎవరైనా చనిపోతే, అటుగా వెళ్లే ప్రతివాడూ ఒక ఆకు కొమ్మ విరిచి అక్కడ వేసి వెళ్తాడు. భీమ్లా ఎన్నోచోట్ల వేశాడు. ఈసారి దిగలేదు. చెవిలో నీళ్లు మరిగే చప్పుడు అప్పుడే మొదలైంది.

ఆ తరువాత ప్రతి గురువారం ఆపేవాడు. "ఏమైందిరా దీనికి?" అని యజమాని విసుక్కునేవాడు. "ఏం గాలే సారూ, జర చూస్త" అని బానెట్ ఎత్తేవాడు. బుర్రతో ఎవరూ వచ్చేవారు కాదు. గూడెంలో కుక్క కూడా మొరిగేది కాదు. ప్రతిసారీ కుప్ప కాస్త పెరిగేది. పై కొమ్మలు పచ్చగా ఉండేవి, కిందివి నల్లబడేవి.

ఒకరోజు యాకూబ్ దగ్గరికి వెళ్లి, "పాత తీరుగ చేస్తవా అన్నా? మళ్ల మరిగేటట్టు" అని అడిగాడు.

యాకూబ్ చేతిలోని పానా కింద పెట్టాడు. "హెడ్డు రాపినం గద భీమ్లా. రాపిన ఇనుము మళ్ల పెరుగుతదా?" అన్నాడు.

ఆ డోలీలో ఉన్నదెవరో తెలియకుండా ఇక బతకలేననిపించింది భీమ్లాకు. తను ఆపి ఉంటే ఆ ప్రాణం నిలిచేదా అన్నది అంతకంటే పెద్ద భయం. ఎవరికీ చెప్పకుండా పొద్దుటి బస్సెక్కి గట్టు మీద దిగాడు. ఎర్రమ్మ ఇంటి ముందు కూర్చుని ఇప్పపూలు ఏరుతోంది. తల ఎత్తి చూసి, పీట జరిపింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అవ్వా, డోలీల ఎవరు?"

"నా బిడ్డ జంపక్క. కాన్పు కష్టమైంది. గురారమే గదా అని బండ కాడికి మోసుకొచ్చినం."

"నేను చూసిన అవ్వా. డోలీని చూసిన. చూసి గూడ ఆపలే." ఆ మాట నోట రావడంతో అతనికి ఏడుపు ఆగలేదు.

ఎర్రమ్మ పూలు ఏరడం ఆపింది. "అవ్, చూసినవని నాకు తెలుసు. ఆపితే మాత్రం బతుకునో లేదో, గది నాకు గూడ తెల్వది కొడుకా" అంది. దారివైపు చూసింది. "ఒక్కటే మనసుల గుచ్చుతది. నీ బండి సప్పుడు దూరంనించే ఇన్నది అది. అంత నొప్పిల లేసి కూసున్నది. పెద్దోళ్ల కారు, సీట్లు ఖరాబైతయని, ఉన్న ఒక్క మంచి చీరను మడతలేసి కింద పెట్టుకున్నది."