వార్నీషు పూసిన రాగి

నేను ఒక రాగి కడ్డీని. కాలిన గాయాల వార్డులో, ఆడవాళ్ల వైపు, కిటికీ పక్క మంచానికి అడ్డుగా ఉండేదాన్ని. రోగి దొర్లి కింద పడకుండా చూడటం నా పైకి కనిపించే ఉద్యోగం. కనిపించని ఉద్యోగం ఇంకొకటి ఉంది.

అంతకు ముందు నేనొక ఇంటి పెరట్లో నీళ్లు కాచే కాగుని. బాలింతలకీ పెళ్లికూతుళ్లకీ నీళ్లు కాచాను. చివరి స్నానాలకీ కాచాను. ఇంట్లోకి గీజరు వచ్చాక నన్ను పాత సామాన్ల బండి ఎక్కించారు. ఆ ఇంటి పెద్దావిడ వీధి గుమ్మం దాకా వచ్చి, నా మీద చెయ్యి వేసి, "మసైనా తుడవలేదు" అంది. అంతే. విడిపోయేటప్పుడు మనుషులు అసలు మాట ఎన్నడూ చెప్పరు. ఇలాంటిదేదో ఒకటి అని లోపలికి వెళ్లిపోతారు.

బండి మీంచి నేను హైమవతి గారి చేతిలో పడ్డాను. ఆవిడ కాలేజీ ప్రయోగశాలలో లోహాల మీద పనిచేసేది. ఆస్పత్రుల్లో మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరిగిపోతున్నాయనీ, కొత్త మందు వచ్చిన కొన్నాళ్లకే అవి దానికీ అలవాటు పడిపోతున్నాయనీ ఆవిడ దిగులు. ఒంట్లోకి చేరాక తరమడం కన్నా, చేరకముందే, చేతులు ఆనే చోటే వాటిని చంపాలని ఆవిడ పట్టుదల. నాలో తగరం కలిపింది, మరేవేవో కలిపింది. నచ్చక మళ్లీ కరిగించింది. కరగడం కష్టం కాదు. కరిగిన ప్రతిసారీ మళ్లీ ఏదో ఒకటి కావాలి, అదే అలసట.

చివరికి నన్ను వార్డులో బిగించిన రోజు హెడ్ నర్సు సుభాషిణికి చెప్పింది. "ఇది మందు కాదు సిస్టర్. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పాకేవాటిని మధ్యలో చంపుతుంది. గంటా రెండు గంటలు పడుతుంది. ఒట్టి లోహం తగలాలి, అంతే. నల్లబడినా ఫరవాలేదు."

నల్లబడ్డాను. చెమట చేతులు పడితే రాగి నల్లబడక ఏమవుతుంది? "పక్క మంచాలకి తళతళలాడే స్టీలంట, మాకు తుప్పుదంట!" అని వచ్చినవాళ్లల్లా సణిగేవారు. వాళ్ల కోసమే నల్లబడ్డానని ఎవరికి చెప్పను?

అప్పుడు నూకరత్నం వచ్చింది. పునుగుల బండి దగ్గర నూనె మూకుడు తిరగబడి, కుడిచెయ్యీ ఛాతీ కాలాయి. వెంట అత్తగారు అప్పాయమ్మ.

"ఒసేయ్ రత్నం, కళ్లు తెరవ్వే. నువ్విలా పడుకుంటే పిండెవరు రుబ్బుతారే?"

"నువ్వు రుబ్బితే పునుగులు రాళ్లైపోతాయత్తా. కొన్నోళ్లు తిరిగి మనమీదకే ఇసురుతారు."

"నోటికేం కాల్లేదు, బతుకుద్ది" అని అప్పాయమ్మ వార్డంతా వినేలా నవ్వింది. నవ్వుతూనే నన్ను గట్టిగా పట్టుకుంది. కోడల్ని ముట్టుకోవద్దని డాక్టర్లు చెప్పారు. అందుకని ఆ ప్రేమంతా నన్నే పట్టుకునేది. నూకరత్నం బాగున్న ఎడమచెయ్యి కూడా నా మీదే ఉండేది.

పక్క మంచం మీద ఎవరూ లేని ముసలామె ఒకతి. ఆమె పుండుకి ఏ మందూ పనిచెయ్యడం లేదు. మధ్యలో తెర కట్టారు. తెర మూలుగుని ఆపలేదు. "పాపం, ఎవరూ లేనామె" అని అప్పాయమ్మ వెళ్లి నీళ్లు పట్టేది, దిండు సర్దేది, వచ్చి మళ్లీ నన్ను పట్టుకునేది. చేతులు కడుక్కునే కుళాయి వరండా చివర ఉంది, నీళ్లు ఎప్పుడొస్తాయో దానికే తెలియదు. ఆమె అరచేతిలో ఏం వస్తోందో నాకు తెలుసు. వచ్చినవాటిని వచ్చినట్టే పట్టి, గంటా రెండు గంటల్లో చంపేదాన్ని. నూకరత్నం గాయం మానుతోంది. లేచి కూర్చుంటోంది.

ఇంతలో పైనుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసింది. "ఈ నల్లటి కడ్డీ చూస్తే వార్డు కడగట్లేదంటారు" అని సుభాషిణి బెంగ. నూకరత్నాన్ని డ్రెస్సింగుకి తీసుకెళ్లినప్పుడు పెయింటర్ని పిలిపించింది. అతను చింతపండుతో నన్ను తోమి, పైన పల్చగా వార్నీషు పూశాడు.

"ఇంక నల్లబడమన్నా నల్లబడదండి సిస్టరుగారూ."

తిరిగొచ్చిన నూకరత్నం నన్ను చూసి, "అత్తా, నీ పెళ్లినాటి బిందెలా మెరిసిపోతందే!" అంది. తనిఖీవాళ్లు మెచ్చుకున్నారు. అందరూ సంతోషించారు. అప్పాయమ్మ తెర అవతలికి వెళ్లి వచ్చి, నన్ను పట్టుకుంది. ఆమె చెయ్యి నాకు తగల్లేదు. మధ్యన వార్నీషు ఉంది. ఆమె తెచ్చినవి నా మీదే హాయిగా కూర్చున్నాయి. తర్వాత నూకరత్నం ఎడమచెయ్యి వచ్చి వాటి మీద పడింది.

జ్వరం వచ్చింది. మందులు మార్చారు, మళ్లీ మార్చారు. నూకరత్నం వేళాకోళం తగ్గింది, ఆనక మాట తగ్గింది. ఒక ఉదయం డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చే వేళకి ఆ ఎడమచెయ్యి నా మీంచి జారిపోయింది.

తీసుకెళ్లేటప్పుడు అప్పాయమ్మ ఏడవలేదు. నన్ను పట్టుకుని నిలబడి, "ఆ దుప్పటి మాది, మర్చిపోకండి" అంది.

తర్వాత హైమవతి గారు వచ్చి దూదిపుల్లతో నన్ను తుడిచి, ఆ పుల్లని పరీక్షకి తీసుకెళ్లింది. నా మీద సూక్ష్మజీవులు బతికే ఉన్నాయని చూసి పరుగున తిరిగొచ్చింది. గోటితో గీకితే పల్చటి పొర లేచింది. ఖాళీ మంచం మీద కూలబడింది. సుభాషిణి దగ్గరికొచ్చి ఆ పొరని చూసింది.

"బాగుంటుందనే పూయించాను మేడమ్."

"తెలుసు సిస్టర్" అందావిడ.

ఆస్పత్రివాళ్లు మాత్రం రాగి పనిచెయ్యలేదని తేల్చి నన్ను ఊడదీశారు. ఇప్పుడు ప్రయోగశాల అలమరలో ఉన్నాను. వార్నీషు గీకేశారు, మళ్లీ నల్లబడుతున్నాను. ఈసారి నల్లబడని రాగిని చెయ్యాలని హైమవతి గారు కూర్చుంది. మెరిస్తే తప్ప మనుషులు నమ్మరని ఆవిడకి అర్థమైంది. అంటే నేను మళ్లీ కరగాలి. కరుగుతాను. కరిగాక ఇదంతా నాకు గుర్తుంటుందో లేదో తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

ఒక్కటే అడుగుతాను. ఎప్పుడైనా ఏ బజారులోనో, పునుగుల బండి దగ్గర, ఒక ముసలామె గట్టి పునుగులు వేస్తూ కనిపిస్తే, కొనుక్కుని తినండి. బాగున్నాయనండి. ఆ ముసలామె చేతుల్ని నేను ఎరుగుదును, వాటిలో ప్రేమ తప్ప ఏమీ లేదు. నేను చెప్పింది మాత్రం ఆమెకి చెప్పకండి.